పోలీసు చేతి దీపానికి పైకం ఎక్కడిది?



ఈ వేళ నేను చెప్పబోయే సంగతి పేరు వినగానే "ఇది మగవాళ్ళ వ్యవహారం, మనకెందుకులే" అని కొందరు రేడియో కట్టేసి వంటింట్లోకి వెళ్ళిపోతారేమో. కాస్త ఆగండి. రోడ్డు మీద పోలీసులు వాడే సామాను గురించి మాట్లాడుకుందాం. అడ్డంగా నిలబెట్టే బారికేడ్లు, ఎర్ర ప్లాస్టిక్ కోన్లు, రాత్రిపూట తళతళలాడే జాకెట్లు, చేతిలో ఊపే ఎర్రదీపం, బండి వేగం కొలిచే స్పీడ్ గన్, తాగి నడిపేవాడి చేత ఊదించే మిషను, స్తంభం మీది కెమెరా, ఇవన్నీ ఆకాశం నుంచి ఊడిపడవు కదా. ఎవరో కొనాలి. ఎవరి డబ్బుతో కొంటున్నారు, కొన్నవి పని చేస్తున్నాయా, మనబోటి చిన్న పట్టణం దాకా అవి రావాలంటే ఏ దారిన రావాలి అన్నది ఇవాళ్టి విషయం.

మాది నందికొట్కూరు. 2022 ఏప్రిల్ దాకా కర్నూలు జిల్లాలో వుండేది, ఇప్పుడు నంద్యాల జిల్లా. మా వూరికి రైలు లేదు. పెళ్ళికి పోవాలన్నా, పెద్దాసుపత్రికి పోవాలన్నా, పిల్లలు కాలేజీకి పోవాలన్నా కేజీ రోడ్డే గతి. కర్నూలు-గుంటూరు రోడ్డును మా వాళ్ళు అట్లా పొట్టిగా పిలుస్తారు. కాగితాల్లో దాని పేరు 340సి నంబరు జాతీయ రహదారి. కర్నూలు దగ్గర మొదలై, మా వూరు, ఆత్మకూరు దాటి, నల్లమల అడవిలోంచి దోర్నాల చేరుతుంది. శ్రీశైలం పోయే బస్సులు, గుంటూరు యార్డుకు పోయే మిరప లారీలు, ఉగాదికి ముందు కన్నడ సీమ నుంచి మల్లన్న దర్శనానికి కాలినడకన వచ్చే భక్తులు, అందరికీ ఇదే దారి. వానాకాలం పంట ఇంటికొచ్చే రోజుల్లో ఈ రోడ్డు అంచునే మొక్కజొన్న ఆరబోస్తారు. దాని చుట్టూ గాలికి పోకుండా రాళ్ళు పెడతారు. రాత్రయ్యాక గింజలు ఎత్తుకుంటారు గానీ ఆ రాళ్ళు ఎత్తేవాళ్ళు ఎందరు?

తెల్లవారుజామున మా వూరి సెంటర్‌లో నిలబడి చూడండి. పత్తి తీతకో, మిరప కోతకో, ఉల్లి పెరకడానికో పోయే ఆడవాళ్ళు సద్దిగిన్నెలు ఒళ్ళో పెట్టుకుని ఆటోలెక్కుతుంటారు. ముగ్గురు కూర్చోవలసిన బండిలో పదిమంది, పన్నెండుమంది. కొందరి కాళ్ళు బయటికే వేలాడుతుంటాయి. ఆ ఆటోకు వెనక దీపం వెలుగుతుందో లేదో ఎక్కేవాళ్ళకు తెలియదు. రెండు మూడు వందల కూలి కోసం పోయే మనిషికి దీపం వైపు చూసే తీరిక ఎక్కడిది? కనుక ఈ సామాను గొడవ మగవాళ్ళ వ్యవహారం కాదు. రోడ్డు మీద ముందు దెబ్బ తగిలేది చుట్టూ ఇనుప తొడుగు లేనివాళ్ళకే. అందులో మనం ఎక్కువమందిమి.

లెక్కలు కొంచెం చెప్పనివ్వండి, విసుగు పుట్టించను. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారు. ఒక్క మన ఆంధ్రప్రదేశ్‌లోనే ఎనిమిది వేలకు పైగా. దేశంలో అన్ని రోడ్లనూ కలిపి చూస్తే జాతీయ రహదారులు నూటికి రెండు పాళ్ళు మాత్రమే. చావుల్లో మాత్రం నూటికి 36 వాటి మీదే. హెల్మెట్ లేక పోయినవాళ్ళు 50,029 మంది. వాళ్ళలో 14,337 మంది బండి నడిపినవాళ్ళు కాదు, వెనక కూర్చున్నవాళ్ళు. వెనక పక్కకు తిరిగి, చీర కొంగు ఒక చేత్తో, పిల్లవాణ్ణి ఇంకో చేత్తో పట్టుకుని కూర్చునేది ఎవరో నేను చెప్పాలా?

మా ప్రాంతం సంగతి చూస్తే, 2021 ఫిబ్రవరి 14న వెల్దుర్తి మండలం మాదారపురం దగ్గర మదనపల్లె వాళ్ళ చిన్న బస్సు అవతలి వైపుకు పోయి లారీని గుద్దుకుని 14 మంది పోయారు. 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరు వద్ద హైదరాబాదు నుంచి బెంగుళూరు పోతున్న ప్రైవేటు బస్సు ఒక మోటారు సైకిలును ఈడ్చుకుపోయి తగలబడింది. నిద్రలో వున్నవాళ్ళు నిద్రలోనే పోయారు. రెండూ చీకటి వేళవే. చీకట్లో ముందున్నది కనపడకపోవడం, కనపడినా ఆగలేనంత వేగంలో వుండడం అనే రెండింటి చుట్టూనే నేను చెప్పే సామానంతా తిరుగుతుంది.

మొదట అన్నిటికన్నా చవకది. మెరిసే పట్టీ. పోలీసు జాకెట్టు మీద, బారికేడు మీద, ట్రాక్టరు ట్రాలీ వెనక అతికించేది. అందులో కంటికి ఆనని సన్నటి గాజుపూసలో, గాజు అద్దకాల్లాంటి పలకలో వుంటాయి. మామూలు అద్దం మీద వెలుగు పడితే ఇంకో దిక్కుకు పోతుంది. ఈ పూసలు మాత్రం వచ్చిన దిక్కుకే తిప్పి పంపిస్తాయి. అందుకే లారీ దీపం పడగానే లారీ డ్రైవరు కంటికే అది మెరుస్తుంది. రాత్రి దొడ్లోకి లాంతరు పట్టుకుపోతే ఎద్దు కళ్ళు మెరుస్తాయి చూడండి, అదే సూత్రం. ఇంగ్లండులో పెర్సీ షా అనే ఆయన 1934లో రోడ్డు మధ్య పాతే మెరుపు బిళ్ళలు కనిపెట్టి వాటికి పిల్లి కళ్ళు అని పేరు పెట్టాడు. వాటికి కరెంటు అక్కరలేదు, నూనె అక్కరలేదు. అయినా మన ట్రాక్టరు ట్రాలీల్లో ఎన్నింటికి వెనక ఈ పట్టీ వుంది? పత్తి బోరాలు ఆకాశమంత ఎత్తు వేసుకుని, దీపం లేకుండా, సందెచీకటిలో నడిరోడ్డు మీద పోతుంటాయి. చట్టం ప్రకారం పట్టీ వుండి తీరాలి. పోలీసులే ఆపి అతికించే కార్యక్రమాలు అప్పుడప్పుడు జరుగుతుంటాయి, ఫోటో కూడా పేపర్లో పడుతుంది. ఆ తర్వాత చుట్ట అయిపోతుంది. మళ్ళీ చుట్ట ఎవరు కొనాలి అన్న దగ్గర కథ ఆగిపోతుంది.

బారికేడ్ల సంగతి వేరు. ఇవి ప్రాణం కాపాడతాయి, తీస్తాయి కూడా. వేగాన్ని తగ్గించాలని రోడ్డుకు అటొకటి ఇటొకటి పెట్టి వంకర దారి చేస్తారు. పగలు బాగానే వుంటుంది. రాత్రి దాని మీద మెరుపు పట్టీ లేకపోతే, పైన ఎర్రగా మినుకుమినుకుమనే దీపం లేకపోతే, మోటారు సైకిలు మీద వచ్చే కుర్రవాడికి అది నల్లటి ఇనుప గోడే. కనుక బారికేడు కొన్నాం అంటే పని అయిపోలేదు. పట్టీ, దీపం, దీపానికి బ్యాటరీ, గాలికి పడిపోకుండా అడుగున బరువు, ఇవన్నీ కలిపితేనే బారికేడు. పెళ్ళికి మంగళసూత్రం కొని పసుపుతాడు మరిచిపోయినట్లు వుండకూడదు.

ఇక స్పీడ్ గన్. మన పక్కనుంచి బస్సు హారన్ కొడుతూ పోతే, దగ్గరికి వచ్చేటప్పుడు సన్నగా, దాటిపోయాక లావుగా వినపడుతుంది కదా. కదిలే వస్తువు నుంచి వచ్చే అలలు అట్లా మారతాయి. రాడార్ గన్ ఇట్లాంటి అలలనే బండి మీదికి పంపి, తిరిగివచ్చిన అలలో ఎంత మార్పు వచ్చిందో చూసి వేగం చెబుతుంది. లేజరు గన్ అయితే వెలుగు పోయి రావడానికి పట్టిన సమయాన్ని క్షణంలో ఎన్నోసార్లు కొలిచి చెబుతుంది. ఈ మిషను విలువ ఎంతో తెలియాలంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే ఒక్క మాట చాలు. ఒక రోడ్డు మీద బండ్ల సగటు వేగం నూటికి 5 పాళ్ళు తగ్గితే, ప్రాణాలు తీసే ప్రమాదాలు నూటికి 30 పాళ్ళు తగ్గుతాయట. గంటకు 60లో పోయేది 57లో పోతే చాలునన్నమాట. మన దేశంలో 2022లో జరిగిన చావుల్లో నూటికి 71 అతివేగం వల్లేనని కేంద్రం లెక్క. అంటే ఎక్కువ రోగం ఎక్కడుందో, మందు ఎక్కడ వేయాలో తెలిసే వుంది.

ఊదే మిషనును అమెరికాలో రాబర్ట్ బోర్కెన్‌స్టైన్ అనే పోలీసు ఉద్యోగి 1954లో తయారు చేశాడు. మన చట్టంలో నూరు మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి సారాయి వుంటే నేరం. మొదటిసారి పట్టుబడితే ఆరు నెలల జైలు గానీ, పదివేల దాకా జరిమానా గానీ, రెండూ గానీ. ఈ చట్టం మీద మా ఆడవాళ్ళకు ఎంత ఆశో చెప్పలేను! కానీ ఈ మిషనుకు మనిషికొక కొత్త గొట్టం కావాలి. ఒకరు ఊదినది ఇంకొకరి నోట పెట్టకూడదు కదా. పైగా మిషను సరిగ్గా కొలుస్తున్నదా లేదా అని నిర్ణీత కాలానికి పరీక్ష చేయించి సర్టిఫికెట్ తీసుకోవాలి. లేకపోతే కోర్టులో ప్లీడరు నిలబడి ఆ మిషనే తప్పు అంటాడు, కేసు కొట్టేస్తారు. మిషను కొనేటప్పుడు పూలదండ వేసి ప్రారంభోత్సవం చేస్తారు. గొట్టాలకూ పరీక్షకూ ఏటేటా అయ్యే ఖర్చుకు దండలు వేసేవారు లేరు. ఇంట్లో గ్రైండరు కొనిపెట్టిన మగవాడు బెల్టు తెగితే పట్టించుకోడు చూడండి, అచ్చం ఆ తీరే.

సరే, పైకం సంగతికి వద్దాం.

మా పక్కింటి వదిన ఒకరోజు చాలా కోపంగా అడిగింది. "మా ఆయన హెల్మెట్ లేదని వెయ్యి కట్టినాడు వదినా. ఆ దుడ్డు యాడికి పోయింది? పోలీసోళ్ళు పంచుకుంటారా? పోనీ ఆ వెయ్యితో మన సెంటర్లో ఒక్క దీపమన్నా పెట్టినారా?" ఈ ప్రశ్న చాలా మంచి ప్రశ్న. మగవాళ్ళు చలానా చించి తిట్టుకుంటారు గానీ ఇట్లా అడగరు.

ఆ వెయ్యి రూపాయలు పోలీసు స్టేషనులో వుండవు. చలానా ద్వారా కట్టిన జరిమానా ప్రభుత్వ ఖజానాకు పోతుంది. రాజ్యాంగంలో దానికి సంచిత నిధి అని పేరు. మన ఇంట్లో అందరి సంపాదనా ఒకే ఇనప్పెట్టెలో పడినట్లు, పన్నులు, రుసుములు, జరిమానాలు అన్నీ అందులోనే కలిసిపోతాయి. దానిలోంచి బయటికి తీయాలంటే శాసనసభ అనుమతి, బడ్జెట్టు కావాలి. కనుక హెల్మెట్ జరిమానా జీతాలకు పోవచ్చు, రోడ్డు గుంటలకు పోవచ్చు, ఎన్నికల హామీలకు పోవచ్చు. నీళ్ళలో కలిసిన పాలు ఏ గిన్నెవో ఎవరు చెప్పగలరు?

మనం ఏం చేస్తాం? ఇనప్పెట్టె మీద నమ్మకం చాలక, కొంచెం పోపుల డబ్బాలో దాచుకుంటాం. పిల్లవాడి ఫీజుకని, పండక్కి గుడ్డలకని. ఆ డబ్బు వేరే దానికి తీయం. రోడ్డు భద్రతకు కూడా ఇట్లాంటి పోపుల డబ్బా ఒకటి పెట్టాలని మన సుప్రీం కోర్టే చెప్పింది. కోయంబత్తూరులోని ఎముకల వైద్యుడు డాక్టర్ రాజశేఖరన్ తన బల్ల మీదికి వచ్చే విరిగిన ఎముకలను చూసి చూసి, 2012లో సుప్రీం కోర్టులో వ్యాజ్యం వేశారు. ఆ కేసులోనే 2014లో కోర్టు ఒక కమిటీని వేసింది. 2017 నవంబరు 30న ఇచ్చిన తీర్పులో ప్రతి రాష్ట్రమూ రోడ్డు భద్రతా నిధి పెట్టాలనీ, వసూలైన జరిమానాల నుంచి దానికి డబ్బు చేరాలనీ, 2018 మార్చి 31 లోపల అది జరగాలనీ, ప్రతి జిల్లాలోనూ రోడ్డు భద్రతా కమిటీ వుండాలనీ ఆదేశించింది. ఒక వైద్యుడు ఆపరేషను గదిలోంచి లేచి వచ్చి దేశంలోని ఖజానాలన్నిటికీ డబ్బా పెట్టమని చెప్పించాడు, చూశారా! కేరళ వాళ్ళు ఈ తీర్పు కన్నా ముందే, 2007లోనే చట్టం చేసి, జరిమానాల్లో వాటాను ఇట్లాంటి నిధికి మళ్ళించారు.

జరిమానా ఎంత పెద్ద మొత్తమో తెలుసా? 2022లో తెలంగాణ ప్రభుత్వం పాత చలానాలకు తగ్గింపు ఇచ్చింది, మోటారు సైకిళ్ళకు నూటికి 75 వంతులు మాఫీ. అంత తగ్గించినా సుమారు 300 కోట్లు వసూలైంది. ఇంత డబ్బు జనం చేతిలోంచి వస్తున్నప్పుడు, ఒక వూరి సెంటర్లో నాలుగు సోలారు మినుకు దీపాలకు డబ్బు లేదంటే నమ్మబుద్ధి కాదు. డబ్బు లేకపోవడం కాదు, ఆ డబ్బుకు దారి లేకపోవడం.

వేరే దారులు కూడా వున్నాయి. పోలీసు శాఖను ఆధునికం చేయడానికి కేంద్రం 1969-70 నుంచి రాష్ట్రాలకు సాయం ఇస్తూ వస్తున్నది. తుపాకులు, వైర్‌లెస్సు, వాహనాలు, నేర పరిశోధన ప్రయోగశాలలు, అన్నీ అందులోనే. ఆ వరుసలో బారికేడు చివర నిలబడుతుందని నా అనుమానం. వూరి లోపలి కూడళ్ళలో దీపాలకు మునిసిపాలిటీ ఖర్చు పెట్టుకోవచ్చు. జాతీయ రహదారి మీద గుర్తుల బోర్డులు, గీతలు, మెరుపు బిళ్ళలు రోడ్డు శాఖ బాధ్యత, వాటికి పోలీసులను తిట్టి లాభం లేదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో, రోడ్డును ప్రమాణాల ప్రకారం కట్టకపోవడం వల్ల చావో వైకల్యమో కలిగితే కాంట్రాక్టరుకూ సంబంధిత అధికారులకూ లక్ష రూపాయల దాకా జరిమానా వేసే సెక్షను కూడా వుంది. ఒక ప్రాణానికి లక్షేనా అని మీరడగవచ్చు, అడగండి. పార్లమెంటు సభ్యుడికి ఏటా 5 కోట్ల నియోజకవర్గ నిధి వుంటుంది, నిబంధనలు ఒప్పుకునే పనులకు అడగవచ్చు. 2022 జూన్‌లో ప్రపంచ బ్యాంకు రోడ్డు భద్రత కోసం ఏడు రాష్ట్రాలకు 25 కోట్ల డాలర్ల అప్పు మంజూరు చేసింది. ఆ ఏడింటిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ వున్నాయి. అప్పంటే గుర్తుందిగా, తీర్చేది మన పిల్లలే. అందుకని అది ఎక్కడ ఖర్చయిందో అడిగే హక్కు మనకు రెట్టింపు.

ఇక అందరికీ కనపడే దారి, దాతలది. బంగారు కొట్టు పేరో, కాలేజీ పేరో పెద్ద అక్షరాలతో రాసిన బారికేడ్లు ఏ పట్టణంలోనైనా చూస్తాం. కంపెనీలు కూడా ఇస్తున్నాయి. 2013 కంపెనీల చట్టం ప్రకారం ఏటా 5 కోట్లకు మించి లాభం వచ్చే కంపెనీ సగటు లాభంలో నూటికి 2 వంతులు సంఘం మేలుకు ఖర్చు పెట్టాలి. రోడ్డు భద్రత కూడా అందులోకి వస్తుందని 2014లో కేంద్రం వివరణ ఇచ్చింది. సమైక్య రాష్ట్రంలో 2013లో వచ్చిన ప్రజాభద్రత చట్టం జనం ఎక్కువగా వచ్చే కొట్లూ ఆఫీసులూ తమ ఖర్చుతో కెమెరాలు పెట్టుకోవాలంది. హైదరాబాదులో "నేను సైతం" పేరుతో కాలనీల వాళ్ళు, వర్తకులు చందాలు వేసుకుని పెట్టిన కెమెరాలు ఎన్నో.

దానం మంచిదే. ఎవరైనా మా వూరికి పది బారికేడ్లు ఇస్తే నేనే వెళ్ళి బొట్టు పెట్టి వస్తాను. కానీ నా మనసులో మాట చెప్పనా? దానం మీద ఆధారపడిన పోలీసుకు మొహమాటం వస్తుంది. బారికేడ్లిచ్చిన షావుకారు దుకాణం ముందు నాలుగు కార్లు రోడ్డు మీదే నిలిపి వుంటే, కానిస్టేబులు ఏ నోటితో తీయమంటాడు? ఇంకో సంగతి. దాత ఇచ్చేది పేరు కనపడే వస్తువే. ఊదే మిషను గొట్టాల మీద పేరు రాయలేం కనుక గొట్టాలెవరూ ఇవ్వరు. అందువల్ల బారికేడ్లు గుట్టలుగా, గొట్టాలు శూన్యంగా వుంటుంది.

ప్రైవేటు కంపెనీయే కెమెరాలు పెట్టి, వాయిదాల మీద డబ్బు తీసుకునే పద్ధతి ఇంకొకటి. కేరళలో 2023లో ప్రభుత్వ సంస్థ కెల్ట్రాన్ ద్వారా 232 కోట్ల పథకంతో 726 కెమెరాలు పెట్టారు. జూన్ 5 నుంచి జరిమానాలు మొదలైనాయి. అంచనాలు ఎక్కువ వేశారని పెద్ద వివాదమూ రేగింది. అమెరికాలో షికాగో నగరంలో అయితే కెమెరాల కాంట్రాక్టులో లంచాలు తిన్న మాజీ అధికారికి 2016లో పదేళ్ళ జైలు పడింది. జరిమానా ఎక్కువ వస్తే తనకు లాభం అనుకునేవాడి చేతిలో కెమెరా పెట్టకూడదు. జరిమానా తగ్గితేనే అందరికీ లాభం కదా.

ఇప్పుడు మా నందికొట్కూరు సంగతి. 2021 ఆగస్టు 11న కేంద్రం మోటారు వాహనాల నిబంధనల్లో 167ఎ అని కొత్తది చేర్చింది. స్పీడ్ కెమెరాలు, స్పీడ్ గన్లు, పోలీసు ఛాతీ మీద పెట్టుకునే కెమెరాలు, నంబరు ప్లేటు చదివే కెమెరాలు ఎక్కడ పెట్టాలో అందులో చెప్పింది. పెట్టిన పరికరానికి ఆమోద పత్రం వుండాలి, అది ఏటేటా కొత్తది చేయించాలి. కెమెరా వుందని వాహనదారుకు తెలిసేట్లు బోర్డు పెట్టాలి. తప్పు జరిగిన 15 రోజుల్లో నోటీసు పంపాలి. ఈ నిబంధనకు పది లక్షల జనాభా దాటిన నగరాలతో పాటు 132 నగరాల జాబితా తగిలించారు. అందులో కర్నూలు వుంది. నందికొట్కూరు లేదు, వుండదు కూడా.

ఇక్కడే మనవాళ్ళు చదవడం ఆపేస్తారు. ఆ నిబంధనలో నగరాలే కాదు, ప్రమాదాలు ఎక్కువగా జరిగే, రద్దీ ఎక్కువగా వుండే జాతీయ, రాష్ట్ర రహదారుల భాగాలు కూడా వున్నాయి. మా వూరు జాబితాలో లేకపోయినా మా రోడ్డు ఆ మాటల కిందికి రావచ్చు. బ్రాహ్మణకొట్కూరు నుంచి జూపాడుబంగ్లా దాకా వున్న ముక్కలో ఎక్కడెక్కడ ఎన్ని ప్రమాదాలైనాయో లెక్క చూపించగలిగితే అడగడానికి ఆధారం దొరుకుతుంది. ఆ లెక్క కూడా వుంటుంది. మద్రాసు ఐఐటీ వాళ్ళూ కేంద్ర కంప్యూటరు సంస్థ ఎన్.ఐ.సి. వాళ్ళూ తయారుచేసిన పద్ధతిలో, ప్రమాదం జరిగిన చోటనే పోలీసులు ఫోనులో వివరాలు ఎక్కిస్తున్నారు.

ఒక రోడ్డు ముక్కను ఎంచుకుని పని చేస్తే ఫలితం వుంటుందా అంటే, వుంటుంది. పక్క రాష్ట్రంలోనే, బెళగావి నుంచి యరగట్టి దాకా 62 కిలోమీటర్ల రోడ్డును ప్రపంచ బ్యాంకు సాయంతో ఇట్లాగే తీసుకున్నారు. కూడళ్ళు సరిచేశారు, బోర్డులు పెట్టారు, పోలీసులకు పరికరాలిచ్చి గస్తీ పెట్టారు, గాయపడినవాళ్ళను ఆసుపత్రికి చేర్చే ఏర్పాటు చేశారు. చావులు సగానికి పైగా తగ్గాయి. ఒక్క కెమెరాతో కాదు, అన్నీ కలిపి చేశారు కనుక.

నన్నడిగితే మా వూరికి ముందు కెమెరాలు వద్దు. మొదట కూలి ఆటోలకూ ట్రాలీలకూ మెరుపు పట్టీ చుట్టలు ఏడాది పొడుగునా స్టేషనులో నిలవ వుండాలి. సెంటర్లలో మినుకు దీపాలు, రాత్రి డ్యూటీ కానిస్టేబులుకు జాకెట్టు, చేతి దీపం. తర్వాత ఒక స్పీడ్ గన్, ఊదే మిషనుకు చాలినన్ని గొట్టాలు. కెమెరా దాని తర్వాత. కెమెరా తప్పు చేసినవాణ్ణి చూపిస్తుంది గానీ, చీకట్లో ఆటో వెనక కూర్చున్న మనిషిని లారీవాడికి చూపించదు. మీలో ఎవరికైనా వేరే అభిప్రాయం వుంటే వుండవచ్చు. మా ఇంట్లోనే వుంది, మా తమ్ముడు కెమెరాలే ముందు అంటాడు.

ఆడవాళ్ళు అడిగితే జరుగుతుందా అని సందేహం వద్దు. రోడ్డు మధ్య తెల్లగీత చూస్తున్నాం కదా. అమెరికాలోని కాలిఫోర్నియాలో జూన్ మెకరోల్ అనే డాక్టరమ్మ 1917లో కారులో పోతుంటే ఎదురుగా వచ్చిన లారీ ఆమెను రోడ్డు దింపేసింది. రోడ్డు మధ్య గీత వుంటే ఎవరి పక్క వాళ్ళు పోతారు కదా అని అధికారులకు చెప్పింది. వాళ్ళు వినలేదు. తానే రంగు తెచ్చి ఒక మైలు గీత గీసింది. తర్వాత మహిళా సంఘాల చేత తీర్మానాలు చేయించి, ఏడేళ్ళు ఉత్తరాలు రాసి రాసి, 1924లో ఆ రాష్ట్రం చేత ఒప్పించింది. మన పొదుపు సంఘాలు నెలనెలా కూర్చుంటాయి. తీర్మానాల పుస్తకం వుంది, సంతకాలు చేసే చేతులున్నాయి.

ఎవరికి రాయాలి అంటే, జిల్లా రోడ్డు భద్రతా కమిటీకి. దానికి కలెక్టరుగారు అధ్యక్షులు, జిల్లా పోలీసు అధికారి, రోడ్డు శాఖ, రవాణా శాఖ వాళ్ళు అందులో వుంటారు. సోమవారం నంద్యాల కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకుంటారు. అర్జీలో "మా వూరికి ట్రాఫిక్ సామాను ఇప్పించండి" అని ఊరికే రాయకండి. ఏ చోట, ఏ వేళ, ఏమి కనపడటం లేదు అన్నది రాయండి. పొద్దున అయిదింటికి ఫలానా మలుపులో కూలి ఆటోలు ఆగుతాయి, అక్కడ దీపం లేదు, అంతే.

అర్జీతో పాటు సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తు కూడా పెట్టండి. తెల్ల కాగితం చాలు. జిల్లా ఆఫీసుకైతే 10 రూపాయల రుసుం, తెల్లకార్డు వాళ్ళకు అదీ లేదు. 30 రోజుల్లో జవాబు రావాలి. మా స్టేషను పరిధిలో గత మూడేళ్ళలో వసూలైన ట్రాఫిక్ జరిమానా ఎంత, అదే మూడేళ్ళలో ట్రాఫిక్ సామానుకు వచ్చినది ఎంత, ఇప్పుడున్న ఊదే మిషనుకు ఆఖరి పరీక్ష ఏ తేదీన జరిగింది, రోడ్డు భద్రతా నిధి నుంచి మా మండలానికి ఏమన్నా వచ్చిందా అని నాలుగు ప్రశ్నలు రాసి, కింద పేరు, ఊరు, తేదీ వేసి, రసీదు అడిగి తీసుకోండి. రసీదు మాత్రం మరిచిపోవద్దు.